తిరిగి చెప్పండి

ఆ చెవుల ఆస్పత్రిలో అందరూ 'డబ్బా' అని పిలిచే గది ఒకటి ఉంది. చీకటి పడ్డాక అందులోకి వెళ్లడానికి ఎవరూ ఒప్పుకునేవారు కాదు. ఊడ్చే మనిషి కూడా గుమ్మం దాకా ఊడ్చి, చీపురు లోపలికి చాచి రెండు తిప్పులు తిప్పి వచ్చేసేది.

డబ్బా అంటే వినికిడి పరీక్ష చేసే గది. గోడల నిండా మందపాటి స్పాంజి పలకలు, బయటినుంచి గట్టిగా లాగితే గాని తెరుచుకోని తలుపు, ఒక కుర్చీ, హెడ్‌ఫోన్లు, ఒక మైకు. తలుపు వేస్తే బయటి శబ్దం లోపలికి రాదు, లోపలిది బయటికి పోదు. కాసేపు కూర్చుంటే మన గుండె కొట్టుకోవడం మనకే వినపడుతుంది. భయం అందుకేనని డాక్టర్లు అనేవారు.

పేషెంట్లు చెప్పేది వేరు.

పరీక్షలో ఒక భాగం ఉంటుంది. హెడ్‌ఫోన్లలో ఒక ఆడగొంతు ఒక్కో మాటా అంటుంది. విన్నవాళ్లు విన్నట్టు తిరిగి చెప్పాలి. బల్ల... పలక... తలుపు... అంతే. ఎప్పుడో రికార్డు చేసి పెట్టిన మాటలు. కానీ సాయంత్రం పొద్దుపోయాక కూర్చున్నవాళ్లలో కొందరు ఆ రికార్డులో లేని మాటలు కూడా చెప్పేవారు. ఒక ముసలావిడ బయటికి వచ్చి, టెస్టు చేసే అమ్మాయిని చాటుకి పిలిచి అడిగిందట—

"లోపల ఉన్నావిడ ఎవరమ్మా? 'వినపడుతోందా, వినపడుతోందా' అని ఒకటే గొడవ. వినపడుతోంది తల్లీ అన్నా ఊరుకోదే!"

ఇదంతా నాకు చెప్పింది అక్కడి మిషన్లు బాగుచేసే మెకానిక్కు. మాటకారి. మామూలుగా ఏది చెప్పినా నవ్వించకుండా వదలడు. ఇది చెబుతున్నంతసేపూ మాత్రం కుడిచెవి రుద్దుకుంటూనే ఉన్నాడు.

ఆ గొంతు ఎవరిదో పాతవాళ్లకి తెలుసు. బస్టాండులో బస్సుల రాకపోకలు చెప్పే ఆవిడది. ఎంత గోలలోనైనా ఆవిడ అన్న మాట అక్షరం పోకుండా వినపడేది. అందుకే ఆస్పత్రివాళ్లు బతిమాలి పిలిపించుకుని, పరీక్ష మాటలు ఆవిడ చేత చదివించారు.

కొన్నేళ్లకి ఆవిడే పేషెంటుగా వచ్చింది. ఎడమచెవిలో ఆగని హోరు.

అప్పుడు పెద్ద డాక్టరు చెవి హోరుకి ఒక కొత్త మందు మీద పరిశోధన చేస్తున్నాడు. కొంతమందికి ఆ మందు ఇచ్చి, ఎవరికి మేలు చేసింది, ఎవరికి కీడు చేసింది అని తేల్చాలి. ఆవిడా చేరింది. హోరు తగ్గలేదు సరికదా, బాగున్న కుడిచెవి కూడా మందగించడం మొదలెట్టింది. "డాక్టరుగారూ, వినపడటం లేదండీ" అని మొత్తుకుంది. ఆయన మందు ఆపలేదు. చివరికి రెండు చెవులూ పోయాయి.

పరిశోధన ముగించిన మీటింగులో మైకు సరిచేయడానికి మెకానిక్కు అక్కడే ఉన్నాడు. మందు ఎవరికీ హాని చేయలేదని పెద్ద డాక్టరు చెప్పాడు. ఎవరో లేచి అడిగారు — బస్టాండు ఆవిడ సంగతేమిటని.

పెద్ద డాక్టరు విచారంగా తల ఆడించాడు.

"ఆవిడ... వినలేదు."

ఆ ఒక్క మాటే. చెప్పినట్టు మందు వాడని మొండిమనిషి కాబోలు అనుకున్నారు అందరూ. లెక్కలోంచి ఆవిడని తీసేశారు. మందు గెలిచింది.

"ఆయన అబద్ధమాడలేదు చూశారా సార్," అన్నాడు మెకానిక్కు నాతో. "నిజంగానే ఆవిడ వినలేదు. వినే చెవులు ఆయనే పోగొట్టాడు కదా!"

ఈ మాట అన్నప్పుడు కూడా అతను నవ్వలేదు.

ఆవిడ ఉద్యోగం పోయింది. బస్టాండులో ఆవిడ పాత రికార్డులు మాత్రం మోగుతూనే ఉండేవి. ఒకరోజు ఏదో పని మీద అక్కడికి వెళ్లింది. వెనక్కి వస్తున్న బస్సు హారను ఆవిడకి వినపడలేదు. ఆ బస్సు వస్తోందని పైన మైకులో చెబుతున్నది... ఆవిడ గొంతే.

డబ్బాకి చెడ్డపేరు వచ్చింది ఆ తర్వాతే.

అప్పటికి టెస్టు చేసే పాత మనిషి మానేసి కొత్తమ్మాయి వచ్చింది. "బీప్ వినగానే బటన్ నొక్కండి" అని రోజంతా చెబుతుంటుంది గనక అందరికీ బీప్ అక్క అయింది. ఆమెకంటే పెద్దవాళ్లూ అలాగే పిలిచేవారు. చెవులు సరిగా లేనివాళ్ల మధ్య పనిచేస్తూ ఆమె ఎప్పుడూ గుసగుసగానే మాట్లాడేది. "కాస్త గట్టిగా అనక్కా" అంటే, "అరిస్తే తగ్గే జబ్బైతే ఆస్పత్రి ఎందుకు బాబాయ్?" అనేది మెకానిక్కుతో.

ఆ మందునే ఇప్పుడు ఇంకా పెద్ద ఎత్తున, చాలా ఊళ్లలో ఇచ్చి చూడబోతున్నారు. దానికీ పెద్ద డాక్టరే పెద్ద. పై ఆఫీసు నుంచి తనిఖీకి ఒక మేడమ్ వచ్చింది. ఆవిడ సరేనంటే మర్నాటి నుంచే మందు మొదలు. సాయంత్రం దాకా అన్నీ చూసింది. చివరికి డబ్బా ముందు ఆగింది.

"ఈ గదిలో లేనిపోని మాటలు వినపడుతున్నాయట?"

పెద్ద డాక్టరు పకపకా నవ్వాడు. "దెయ్యాలకి భయపడి పని ఆపుతామా మేడమ్?"

"దెయ్యాల సంగతి నాకు తెలియదండీ. శబ్దం ఎక్కడినుంచో దూరుతుంటే ఇక్కడ తీసిన కొలతలు నేనెలా నమ్మను?"

"అయితే నేనే కూర్చుంటాను. మీ ఎదురుగానే టెస్టు చేయమనండి." బీప్ అక్క వైపు తిరిగాడు. "ఏమ్మా, మీ దెయ్యానికి నా నమస్కారాలు చెప్పు."

"మీరే చెప్పుకోండి సార్," అంది గుసగుసగా.

బయట అప్పటికే చీకటి పడింది. ఓపీ ఖాళీ.

డబ్బాలో కుర్చీ గోడలోని అద్దాల కిటికీకి పక్కకి తిప్పి ఉంటుంది — కూర్చున్నవాళ్లు టెస్టు చేసేవాళ్ల పెదాలు చూసి చెప్పేయకుండా. పెద్ద డాక్టరు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. తలుపు వేశారు. అద్దానికి ఇవతల మిషను ముందు బీప్ అక్క, ఆమె వెనక తనిఖీ మేడమ్, మెకానిక్కు. హెడ్‌ఫోన్లలో వచ్చే మాట ఆయన ఒక్కడికే వినపడుతుంది. ఆయన తిరిగి చెప్పేది మాత్రం స్పీకరులో అందరికీ.

"బల్ల."

కాసేపు ఏమీ లేదు.

"పలక."

"తలుపు."

దర్జాగా చెబుతున్నాడు, పాఠం అప్పజెప్పే పిల్లాడిలా. బీప్ అక్క ఒక అట్టముక్క నోటికి అడ్డం పెట్టుకుని మిషను మైకుకి దాదాపు ఆనుకునేలా వంగింది.

"ఆమె," అన్నాడు డాక్టరు.

"...చెప్పింది."

"...నేను."

తర్వాత మాట రాలేదు. అద్దంలోంచి చూస్తే, ఆయన కళ్లు తెరిచి ఉన్నాయి. నడుము నిటారుగా అయింది. రోజూ మోగే ఆ గొంతు ఎవరిదో ఇప్పుడు తట్టింది. పెదాలు ఒకసారి ఊరికే కదిలాయి. తర్వాత, స్పీకరులో, నూతిలోంచి వచ్చినట్టు—

"...వినలేదు."

మెకానిక్కు చెయ్యి కుడిచెవి మీదికి పోయింది.

"ఈ మాటలు పరీక్షలో ఉన్నవేనా?" తనిఖీ మేడమ్ నెమ్మదిగా అడిగింది.

బీప్ అక్క మిషను మీదనుంచి చేతులు తీసేసి ఒళ్లో పెట్టుకుంది. మైకు నడుస్తున్నట్టు చూపే పచ్చలైటు ఆరిపోయింది. మెకానిక్కు స్వయంగా చూశాడు.

లోపల ఆయన మాత్రం ఆగలేదు.

తల కొంచెం పక్కకి వంచి వింటున్నాడు... విని, చెబుతున్నాడు.

"నవ్వు... నవ్వుతూ ఉండు. నీకెలాగూ వినపడదు."

ఆగాడు. విన్నాడు.

"నిన్నొక్కదాన్ని తీసేస్తే... మందు నిలబడుతుంది."

మళ్లీ విన్నాడు. చెమట చెంప మీదనుంచి కాలరులోకి కారుతోంది.

"నువ్వు పోయినా... ఎవరూ అడగరు."

హెడ్‌ఫోన్లు మైకుతో సహా లాగి విసిరేశాడు. తలుపు మీద రెండు చేతులతో బాదుతున్నాడు. ఆ బాదుడు బయటికి వినపడలేదు. అద్దంలో మనిషి ఎగిరిపడటం మాత్రం కనపడింది. మెకానిక్కు వెళ్లి తలుపు లాగాడు.

డాక్టరు బయటికి వచ్చి తనిఖీ మేడమ్ చెయ్యి పట్టుకున్నాడు.

"ఆ రోజు లోపల మేమిద్దరమే ఉన్నాం. తలుపు వేసుంది. ఆవిడకి వినపడదు... నేను ఏదో మంచిమాట చెబుతున్నాననుకుని నవ్వుతూ తలూపింది కూడా. మరి... ఎవరు విన్నారు?"

ఎవరు విన్నా వినకపోయినా, తనిఖీ మేడమ్ ఇప్పుడు వింది. ఆయన వేళ్లు ఒక్కొక్కటిగా విడదీసుకుని వెళ్లిపోయింది. ఆ మందు మరి ఏ ఊళ్లోనూ ఎవరి చెవికీ చేరలేదు.

అందరూ వెళ్లాక మెకానిక్కు తీగలు చుట్టిపెడుతూ అడిగాడు. "అక్కా... మైకులో నువ్వే కదూ?"

"నేనే," అంది బీప్ అక్క.

మొదటిసారి గుసగుసగా కాదు. మామూలు గొంతుతో. మెకానిక్కు గిరుక్కున తిరిగి చూశాడు. అది అచ్చంగా బస్టాండు గొంతు.

"ఆవిడ మా అమ్మ. ఫోనెత్తితే మా మేనత్త కూడా పోల్చుకోలేకపోయేది, అమ్మో నేనో."

"మరి ఆ ముసలావిడకి వినపడింది?"

"అదీ నేనే. గదికి పేరు పడాలి బాబాయ్. పడితేనే పైవాళ్లెవరో అడుగుతారు. అడిగితేనే ఆయన వెళ్లి ఆ కుర్చీలో కూర్చుంటాడు."

"ముసలి ప్రాణాలు కూడా అదిరిపోయాయి కదే... జాలేయలేదూ?"

"అమ్మ మొత్తుకున్నప్పుడు ఆయనకి వేసిందా?"

మెకానిక్కు తీగ చుట్టడం ఆపాడు. "సరే... ఆయన అమ్మతో గదిలో అన్న మాటలు నీకెలా తెలిశాయి? అమ్మ చెప్పిందా?"

"అమ్మ విననే లేదుగా, చెప్పడానికి."

"మరి 'నవ్వుతూ ఉండు' అని..."

బీప్ అక్క డబ్బా వైపు చూసింది. తలుపు ఇంకా తెరిచే ఉంది.

"నేను 'వినలేదు' దగ్గర మైకు ఆపేశాను," అంది, మళ్లీ గుసగుసగా. "లైటు ఆరడం నువ్వూ చూశావు."

మెకానిక్కు చెప్పింది ఇంతవరకే. నాకు ఇలాంటివి నమ్మే అలవాటు లేదు. రాసే ముందు మనిషిని కళ్లారా చూద్దామని బయలుదేరాను.

పెద్ద డాక్టరు ఇప్పుడు ఆస్పత్రికి పోవడం లేదు. సందెవేళ నుంచి బస్టాండులో, చివరి బెంచీ మీద కూర్చుంటాడు. మొదట్లో మైకులో ఆవిడ గొంతు ఏ బస్సు పేరు చెబితే ఆ పేరు తిరిగి చెప్పేవాడట. పిల్లలు నవ్వేవారట. ఆ మధ్య ఆ రికార్డులు తీసేసి, ఒక మగవాడి చేత కొత్తగా చదివించారు.

మగ గొంతు వచ్చినప్పుడు ఆయన నోరు మెదపడం లేదు. అది ఆగాకే, అంతా సద్దుమణిగాకే, తల కాస్త పక్కకి వంచుతున్నాడు.

వెళ్లి పక్కన కూర్చున్నాను. ఎవరినో చెప్పలేదు. కలం జేబులోంచి తీయలేదు. ఆయన నా వైపు చూడలేదు.

"బల్ల," అన్నాడు.

"...పలక."

చుట్టూ నిశ్శబ్దం. ఆయన ఇంకొంచెం వంగాడు.

"పక్కన..." అన్నాడు. ఆగాడు. విన్నాడు. "...రాసేవాడు."

నా చెయ్యి జేబులోని కలం మీదికి పోయింది.

ఆయన చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని, చాలాసేపు, శ్రద్ధగా విన్నాడు.

"...రాయమను."