నాలుగో భాగం, చివరి తలుపు

మా ఆఫీసులో నా పని కూర్చోవడం. కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి మౌస్ ఇచ్చి, తలుపు వేసి వెళ్లిపోతారు. నేను ఆట ఆడాలి. ఎక్కడ తెలియక ఆగిపోతానో అద్దం అవతల గదిలోంచి చూస్తారు. వాళ్లు నాకేమీ చెప్పకూడదు, నేను వాళ్లనేమీ అడగకూడదు. నోరు మూసుకున్నందుకు జీతమిచ్చిన చోటు నా బతుకులో ఇదొక్కటే. అంతకుముందు పనిచేసిన చోట్ల నోరు తెరిచానని తీసేశారు.

ఈ పని ఇప్పించింది మా అమ్మాయి. సన్నటి గొంతు కావడంతో అందరూ దాన్ని గువ్వ అని పిలిచేవాళ్లు. ఆటలోని ఆడమనిషికి గొంతు అదే. కంప్యూటర్ ఆటలంటే బొత్తిగా తెలియని మనిషి కావాలంటున్నారు, వెతికినా నీలాంటిది దొరకదమ్మా అని నవ్వుతూ తీసుకొచ్చింది.

ఆ ఆట సీరియల్ లాగా భాగాలుగా వస్తుంది. ఒక పాత లాడ్జిలో చిక్కుకుపోయిన మనిషి గది తర్వాత గది దాటుకుంటూ బయటపడాలి. తెర మీద కనిపించే వస్తువుల మీద నొక్కుతూ, దేన్ని దేనితో కలిపితే ఏమవుతుందో చూసుకుంటూ పోవాలి. ప్రతి గదిలో ఒక చిక్కు, ప్రతి భాగం చివర ఒక పెద్ద తలుపు. ఈ చిక్కులన్నీ కట్టేవాణ్ణి ఆఫీసులో తాళాలాయన అంటారు. నలభై దాటినవాడు, మంచివాడే. కానీ మనుషులు ఎంతసేపట్లో విసిగిపోతారన్న లెక్క తప్ప ఇంకేదీ తలలో ఉండదు.

అతని బాధ అతనిది. మొదటి భాగంలో చిక్కులు మరీ సులువని, టీ చల్లారేలోపే అయిపోయిందని జనం తిట్టారు. రెండోది బాగా కుదిరింది. మూడో భాగంలో గడియారాల గది దగ్గర సగం మంది విసిగి లేచిపోయారు. కథ మధ్యలో కోపంతో లేచిపోయినవాడు కొన్ని నెలలాగి వచ్చే తర్వాతి భాగం కోసం ఎందుకు చూస్తాడు? నాలుగోదానికీ అదే గతి పడితే ఐదో భాగం ఉండదని, ఆఫీసూ ఉండదని అతని భయం.

అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ఆడేవాడు కదలకుండా కాసేపు కూర్చుంటే తెర మీది మనిషి తనలో తాను మాట్లాడుకున్నట్టు ఒక హింట్ ఇస్తుంది. ఇంకా కూర్చుంటే రెండోది, కాస్త తేటగా. మూడోది దాదాపు జవాబే. మూడింటికీ తెలియకపోతే తప్పు ఆటదే అనేవాడు. మూడు దాటి రాయడు, రికార్డు చేయించడు.

నాలుగో భాగం మాటలు చెప్పేటప్పటికే గువ్వకు దగ్గు పట్టుకుంది. ఆ రికార్డింగు, నేను ఆడే పరీక్ష, రెండూ ఒకే గదిలో. గోడల నిండా నల్ల స్పాంజి, కిటికీ లేదు. తలుపు వేస్తే మన చప్పుడు మనకే వినపడనంత గుడ్డి నిశ్శబ్దం. అది ఒక మాట చెప్పి, దగ్గి, నీళ్లు తాగి, మళ్లీ చెప్పేది. సౌండు చూసే చెవులాయన ఆ దగ్గులన్నీ కత్తిరించి శుభ్రం చేశాడు. వాటినేం చేశావని తర్వాతెప్పుడో అడిగాను. పారేశాను పెద్దమ్మా అన్నాడు తల దించుకుని.

నాలుగో భాగం తయారయ్యేసరికి గువ్వ లేదు.

నేను ఏడవలేదు. ఎందుకో ఏడుపు రాలేదు. ఒళ్లంతా తిమ్మిరెక్కిన చెయ్యిలా అయిపోయింది, గిల్లినా తెలియనట్టు. పలకరించడానికి వచ్చినవాళ్లు గట్టిమనిషి అన్నారు. నా మొహం గట్టి. కొన్నాళ్లకు పనికి రమ్మని కబురు పెడితే వెళ్లాను. ఇంట్లో కూర్చునేది అక్కడ కూర్చుంటే ఏం పోయింది?

నాలుగో భాగం పరీక్ష మొదలైంది. రాత్రి కాదు, వానా కాదు. బయట మిట్టమధ్యాహ్నం, ఎండ, హారన్లు. నేను నల్లగదిలో ఉన్నాను. స్పాంజికి పాత దుమ్ము వాసన, వేడెక్కిన ప్లాస్టిక్ వాసన, వాటి అడుగున ఎక్కడో గువ్వ గొంతుకు రాసుకునే మందు వాసన.

చివరి తలుపు దాకా వచ్చాను. తెర మీద చిన్న గది. అద్దం, కెటిలు, స్టవ్వు, తలుపుకు గుండ్రటి గడియ. చూడగానే అర్థమైంది. కెటిల్లో నీళ్లు కాచాలి, ఆవిరి అద్దానికి పట్టాలి, ఎవరో వేలితో గీసిన గుర్తు తేలుతుంది, గడియను అటువైపు తిప్పాలి. అంతే. తలుపు తెరుచుకుంటుంది, భాగం అయిపోతుంది. ఐదో భాగానికి వేరే గొంతును మాట్లాడేశారు. అంటే ఆ తలుపు తీశానంటే మా అమ్మాయి కొత్తగా చెప్పే మాట ఈ లోకంలో మరి ఉండదు.

మౌస్ మీద నుంచి చెయ్యి తీసేశాను.

కాసేపటికి తెర మీది మనిషి భుజాలు రుద్దుకుంది. ఈ గది ఎంత చలిగా ఉందో అంది. గువ్వ గొంతే. కూర్చున్నాను. అద్దం మీద ఎవరిదో వేలి గుర్తున్నట్టుంది అంది. కూర్చున్నాను. నీళ్లు కాగితే అద్దమే చెబుతుందేమో అంది.

మూడూ అయిపోయాయి. అయినా లేవలేదు. అద్దం అవతల వాళ్ల తెర మీద, నేను కదలకుండా ఉన్నంతసేపూ ఎర్రగీత ఒకటి పెరుగుతూ ఉంటుంది. దాన్ని చూసి తాళాలాయన నెత్తి పట్టుకుని ఉంటాడు. పట్టుకోనీ అనుకున్నాను.

అప్పుడు హెడ్‌ఫోన్లలో ఎవరో దగ్గారు.

చిన్న దగ్గు. తర్వాత నీళ్లు మింగిన చప్పుడు. తర్వాత...

"అమ్మా... నీకు తెలుసుగా."

తెర మీది మనిషి పెదవులు కదల్లేదు.

నేను భయపడలేదు. భయం పుట్టే చోటు కూడా మొద్దుబారిపోయి ఉంది. బయటికొచ్చి, హింట్లు ఎన్ని పెట్టావు నాయనా అని మాత్రం అడిగాను. మూడే పెద్దమ్మా అన్నాడు తాళాలాయన. అతని కళ్లు ఎర్రగీత మీదే ఉన్నాయి. కష్టంగా ఉందా అని అడిగాడు. చాలా కష్టంగా ఉందన్నాను. అది నిజమే.

మర్నాడూ కూర్చున్నాను. ఆ మర్నాడూ. రోజూ ఆ తలుపు దాకా ఆడి చెయ్యి తీసేసేదాన్ని. మూడు హింట్లు, ఆపైన దగ్గు. మొదట్లో చిన్న చిన్న మాటలే. తిన్నావా అనేది. మోకాలు ఎలా ఉందనేది. పెదవి కదపకుండా గొంతులోనే జవాబు చెప్పేదాన్ని. బయటకు మాత్రం చిక్కు తెలియని ముసలిదాన్ని. చెవులాయన పాపం టీ తెచ్చిపెట్టి, ఈ చిక్కు మా ఆవిడకూ తెలియలేదు పెద్దమ్మా, మీరు చిన్నబుచ్చుకోకండి అనేవాడు.

తర్వాత దాని మాట మారింది. ఒకరోజు చాలాసేపు దగ్గి, గొంతు బాగా తగ్గించి, పక్కన ఎవరో వింటారన్నట్టు...

"అమ్మా, ఇక్కడున్నది నేనొక్కదాన్నే కాదు."

హెడ్‌ఫోన్లు చెవులకు అదుముకున్నాను.

"చాలామంది ఉన్నారు. ఎవరూ మాట్లాడరు. అందరూ తలుపు వైపే చూస్తున్నారు... నువ్వు తీయకు."

హెడ్‌ఫోన్లలో దాని గొంతు వెనక ఒక చప్పుడుంది. అన్నాళ్లూ దాన్ని కంప్యూటర్ ఫ్యాను అనుకున్నాను. ఆ రోజు తెలిసింది. అది ఊపిరి. బోలెడంతమంది కలిసి, ఒక్కసారిగా తీసుకుని, ఒక్కసారిగా వదులుతున్న ఊపిరి.

బయటికి వచ్చేసరికి తాళాలాయన నవ్వుతూ ఎదురొచ్చాడు. దారి దొరికిందన్నాడు. మనిషిని ఇన్నాళ్లు ఆపేసే చిక్కును ఎంత సవరించినా లాభం లేదు కాబట్టి, మూడో హింట్ తర్వాత కూడా ఎవరైనా కదలకుండా కూర్చుంటే తలుపు దానంతటదే తెరుచుకునేలా మార్చేశాడట. ఎవరికీ విసుగు రాదు, ఎవరూ మధ్యలో లేచిపోరు, అందరూ ఐదో భాగానికి వస్తారు.

వద్దన్నాను. ఎందుకని అడిగాడు. ఏం చెప్పను? నేనొకప్పుడు బట్టల ఫ్యాక్టరీలో కుట్టేదాన్ని. షిఫ్టు మొదలుకాగానే బయట తాళం వేసేవాళ్లు. ఆ తాళాలు తీయించడానికి వీధిలో కూర్చున్నాం, దెబ్బలు తిన్నాం, ఉద్యోగాలు పోగొట్టుకున్నాం. అలాంటిదాన్ని, తలుపు తీయొద్దని ఒక మనిషి చేతులు పట్టుకుని బతిమాలాను. ఓపిక లేనిది ఆడేవాళ్లకు కాదయ్యా, మీకు, అని అరిచాను కూడా. అందరూ తలలెత్తి చూశారు. చెవులాయన నా భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు. కూతురు గొంతు వింటూ ఉంటే ఎవరికైనా అంతే పెద్దమ్మా, మిమ్మల్ని పిలవడమే మా తప్పు అన్నాడు.

జవాబు నాకు తెలుసని, ఇన్నాళ్లూ కావాలనే కూర్చున్నానని చెప్పి ఉంటే చిక్కును ముట్టుకునేవాడు కాదు. ఆ మాట నోట్లోంచి రాలేదు. వస్తే మర్నాటి నుంచి నన్ను ఆ కుర్చీలో కూర్చోనివ్వరు.

చివరిసారి ఒక్కసారి చూసి బాగుందనండి చాలు, అన్నారు. వెళ్లాను. నేను వెళ్లకపోతే ఇంకెవరో కూర్చుంటారు. ఆ తలుపు తెరుచుకునేటప్పుడు దాని ఎదుట కూర్చునేది నేనే అయి ఉండాలనిపించింది.

చలిగా ఉందంది. వేలి గుర్తు అంది. నీళ్లు కాగితే అంది.

దగ్గు వినపడింది. ఆగకుండా దగ్గుతోంది. మాట రావడం లేదు దానికి. కాస్త నీళ్లు తాగు తల్లీ అన్నాను, పైకే.

"అమ్మా... పట్టుకో... గడియ పట్టుకో..."

పట్టుకుందామని గడియ మీద మౌస్ పెట్టాను. అది నా చేతి కిందే మెల్లగా తిరిగింది.

తలుపు తెరుచుకుంది. అవతల బొమ్మ గీసినవాళ్లు గీసినట్టే ఖాళీ వరండా. తెర మీది మనిషి గడప దాటి, అబ్బ, గాలి తగిలింది అంది. దగ్గు లేని గొంతు, శుభ్రంగా కత్తిరించిన గొంతు.

వెనక ఊపిరి చప్పుడు ఆగిపోయింది.

హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాను. గది నిశ్శబ్దంగానే ఉంది. ఎవరో నన్ను రాసుకుంటూ వెళ్లారు. వాళ్ల వెనక మరొకరు. చీర అంచో, చొక్కా చెయ్యో తగిలి వెళ్తున్నట్టు... ఒకరి వెనక ఒకరు... అడుగుల చప్పుడు లేదు. గోడ స్పాంజి భుజం ఎత్తున నొక్కుకుపోయి, మెల్లగా పైకి లేస్తోంది. మళ్లీ నొక్కుకుపోతోంది. నా కుర్చీ దగ్గర నుంచి తలుపు దాకా. అందరిలోనూ ఒక్కరైనా ఆగుతారేమో, నా చెవి దగ్గర దగ్గుతారేమో అని చెయ్యి చాపి కూర్చున్నాను. ఎవరూ ఆగలేదు.

బాగుందని చెప్పాను. నాలుగో భాగం విడుదలైంది.

ఆ తర్వాత నేను ఆ తలుపు దగ్గర ఎన్నిసార్లు కూర్చున్నానో. మూడు మాటలు, తలుపు తెరుచుకోవడం. అంతే. గువ్వ మళ్లీ దగ్గలేదు.

విడుదలైన వారానికి తాళాలాయన నన్ను తన గదికి పిలిచాడు. మొహంలో సంతోషమో దిగులో తెలియలేదు. ఎవరు ఎక్కడిదాకా ఆడారో ఇంటర్నెట్‌లో ఆఫీసుకు తెలుస్తుంది. కొన్నవాళ్లలో ఒక్కడు కూడా మధ్యలో మానేయలేదట, ఇలా ఎప్పుడూ జరగలేదట. అయితే ఒక్కడు కూడా చివరి తలుపు దాటలేదట. అందరూ అక్కడికి వచ్చి ఆగిపోయారు. దానంతటదే తెరుచుకోవాల్సిన తలుపు ఎవరికీ తెరుచుకోలేదు. కష్టంగా ఉందని ఒక్కరూ రాయలేదు. తిట్టలేదు, డబ్బు వెనక్కి అడగలేదు. మరి ఏం చేస్తున్నారు నాయనా అని అడిగాను.

"కూర్చుని ఉన్నారు పెద్దమ్మా. రాత్రీ పగలూ... కూర్చునే ఉన్నారు."

ఎక్కడ తప్పు జరిగిందో తనే ఆడి చూస్తానని నల్లగదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. వెళ్లొద్దన్నాను, గట్టిగానే అన్నాను. స్పాంజి గోడలు మింగేశాయి. అద్దం ఇవతల నిలబడి చూశాను. చకచకా ఆడుకుంటూ చివరి తలుపు దాకా వచ్చాడు. ఆ చిక్కు కట్టింది అతనే. కెటిలు మీదకు చెయ్యి పోయింది. ఆగింది. మౌస్ మీద నుంచి చెయ్యి తీసేశాడు.

ఎర్రగీత పెరగడం మొదలుపెట్టింది.

ఎవరో ఏదో అడుగుతున్నట్టు, బుద్ధిగా, చిన్నపిల్లాడిలా తల ఊపుతున్నాడు. కళ్లనీళ్లు కారుతున్నాయి, నవ్వుతున్నాడు. చెవులాయన వచ్చి తలుపు కొట్టాడు. ఇద్దరం కలిసి లాగాం. లోపల గడియ పెట్టలేదు, అయినా రాలేదు. నేను మళ్లీ అద్దం దగ్గరకు పరిగెత్తాను. అతని పెదవులు కదిలాయి. వస్తున్నా, అన్నట్టున్నాయి.

అప్పుడు చూశాను. అతని చెవులకున్న హెడ్‌ఫోన్ల వైరు బల్ల అంచు మీద నుంచి కిందికి వేలాడుతోంది. దాని కొస దేనికీ తగిలించి లేదు.