మూడేసి పూసలు

కిటికీలోంచి ఎండ చాప మీద పడగానే అత్తగారు పని మొదలుపెట్టింది. బట్టల దుకాణం వాళ్ళ గౌన్లకి పూసల అంచులు గుచ్చడం ఆవిడకి ముప్పై ఏళ్ళ పని. రంగు గళ్ళ కాగితం ముందు పెట్టుకుని మూడు పూసలు సూదికెక్కించి లాగుతుంది, మళ్ళీ మూడు. మూడు పూసలకి ఒక పువ్వు. బళ్ళో చదువుకోకపోయినా ఆ కాగితాన్ని మాత్రం గడగడా చదివేస్తుంది.

తొమ్మిదేళ్ళ మనవడు స్కూలుకి తయారై సంచితో వచ్చి పక్కన చతికిలబడ్డాడు. వాడి పిక్కలు వయసుకి మించి లావు. నాయనమ్మకి అవంటే గర్వం.

"ఏరా పిక్కల రాజా, మొహం అలా వేలాడేసుకున్నావేం?"

వాడు సంచిలోంచి ఒక చీటీ తీశాడు. శుక్రవారం క్లాసు పిల్లలందరినీ పక్షుల్ని చూపించడానికి నది ఒడ్డుకి నడిపించుకు వెళ్తారట. అమ్మ సంతకం పెట్టనంటోంది.

వంటగదిలో కోడలు రొట్టెల డబ్బా మూత గట్టిగా నొక్కింది. మూడు వారాలుగా ఆమె తీరు అదే. వాణ్ణి సైకిలెక్కనివ్వడం లేదు. మెట్ల మీద చేయి వదలడం లేదు. ఆటల పీరియడ్‌లో కూర్చోబెట్టమని టీచరుకి రాసిచ్చింది. బస్సు డ్రైవరైన భర్త అడిగితే, రక్త పరీక్ష రిపోర్టు ఇంకా రాలేదు, అప్పటిదాకా జాగ్రత్తగా ఉండాలి అంటోంది. వాడు నేల మీంచి లేవడానికి రెండు చేతులూ తొడల మీద ఆనించుకుంటున్నాడనే ఆ పరీక్ష చేయించారు. ఇప్పుడూ అలాగే లేచాడు.

కోడలు వాణ్ణి బస్సెక్కించడానికి కిందికి వెళ్ళాక ఫోను మోగితే అత్తగారు ఎత్తింది. ఆసుపత్రిలో ఇలాంటి రిపోర్టులు విడమరిచి చెప్పే డాక్టరమ్మ. సంగతేమిటో చెప్పలేదు. రిపోర్టు తీసుకెళ్ళి మూడు వారాలైంది, మాట్లాడటానికి ఒకసారి రమ్మనండి అని మాత్రం అంది.

కోడలు తిరిగొచ్చేసరికి అత్తగారి సూది గుడ్డకి గుచ్చి ఉంది.

"రిపోర్టు రాలేదన్నావు."

కోడలు గుమ్మంలోనే ఆగిపోయింది. చెప్పులు విప్పలేదు.

"పిల్లాణ్ణి పంజరంలో పెట్టావు. మొగుడికి అబద్ధం చెప్పావు. ఇంత కడుపులో పెట్టుకుని నా ఎదురుగా తిరుగుతున్నావు, నేనేం పరాయిదాన్నా?"

కోడలు బీరువాలో చీరల అడుగు నుంచి కాగితాలు తెచ్చి చాప మీద పెట్టింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. రిపోర్టు తీసుకున్న రోజు వరసలో పక్కనే ఇంకో తల్లి కూర్చుంది. ఆమె కొడుక్కి పదకొండేళ్ళు, చక్రాల కుర్చీలో ఉన్నాడు. వాడిదీ ఇలా కండలు క్షీణించే జబ్బే. ఇద్దరూ కాగితాలు పక్కపక్కన పెట్టి చూసుకున్నారు.

"వాళ్ళవాడికి జన్యువులో పోయింది ఒక్క ముక్క, అత్తయ్యా. మనవాడికి మూడు ముక్కలు పోయాయి. ఒక్కటి పోతేనే వాడు కుర్చీలో పడ్డాడు. ఇక ఆ డాక్టరమ్మ దగ్గర కూర్చుని ఏం వినమంటారు?"

అత్తగారు ఆ కాగితాలు ఒక్కొక్కటే తిరగేసింది. ఆవిడకి అందులో ఒక్క ముక్కా తెలియదు. చివరికి, "ఫోన్ కలుపు. నేనూ వింటాను," అంది.

డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. జన్యువంటే పొడవాటి రాత. ఒళ్ళు అందులోని అక్షరాల్ని మూడేసి చొప్పున చదువుకుంటూ ప్రొటీన్ కట్టుకుంటుంది. ఒక అక్షరం మారితే ఒక్కోసారి ఏమీ కాదు, ఒక్కోసారి ఆ ఒక్కచోట తేడా వస్తుంది, ఒక్కోసారి పని అక్కడితోనే ఆగిపోతుంది. రిపోర్టులో ముక్క అంటే ఒక్క అక్షరం కాదు, ఎన్నో అక్షరాల వరస. ముక్కలకి ముక్కలే రాలిపోతే మాత్రం అక్షరాలు ఎన్ని పోయాయన్నదాని కంటే ఏ లెక్కన పోయాయన్నది ముఖ్యం. కోడలికి సగం ఎక్కలేదు. అత్తగారు ఫోను దగ్గరికి జరిగింది.

"ఏమ్మా, మావాడికి పోయిన అక్షరాలు మూడేసి లెక్కకి సరిపోయాయా?"

"సరిపోయాయండీ. అదే చెప్పబోతున్నాను."

అత్తగారు సగం గుచ్చిన అంచు ఎత్తి కోడలి ఒళ్ళో పెట్టింది.

"చూడు. నేను ఒక్క పూస వదిలేశాననుకో, అక్కణ్ణుంచి ప్రతి పువ్వూ పక్కదాని రంగు లాక్కుంటుంది. ఇక అంతా కంగాళీ, దారం తెంపాల్సిందే. అదే మూడూ పోతే ఒక పువ్వు తగ్గుతుంది. అంచు కాస్త పొట్టిదవుతుంది గానీ మిగతా పువ్వులు పువ్వులే. ఒకటి తప్పినప్పుడల్లా నేను ఇంకో రెండు తీసేస్తాను. ఇన్నేళ్ళలో ఆ దుకాణంవాడు ఒక్కసారీ పట్టుకోలేదు."

డాక్టరమ్మ నవ్వింది. ఆ తర్వాత మెల్లగా మిగతాదీ చెప్పింది. జబ్బు లేదని కాదు. కాళ్ళలో బలం తగ్గుతుంది, కానీ చాలా నెమ్మదిగా. ఏటా గుండె చూపించుకోవాలి. వాడి ఒంట్లో ప్రొటీన్ పొట్టిదే అయినా పని చేస్తోంది. నడవనివ్వండి, అలిసిపోతే కూర్చోనివ్వండి.

"మరి ఆ పిల్లాడికో?" అని అడిగింది కోడలు. వేరేవాళ్ళ పిల్లాడి గురించి తను చెప్పకూడదంది డాక్టరమ్మ. అయితే మీ అత్తగారిలాగే ఇంకాస్త తీసి లెక్క సరిచేసే మందులు కొందరికి వస్తున్నాయి, వాళ్ళ డాక్టరుని అడగమనండి అంది.

ఫోను పెట్టేశాక కూడా కోడలు తలెత్తలేదు.

"నా రక్తం కూడా చూశారు. వాడికీ జబ్బు నా నుంచే వచ్చిందని అందులో రాసుంది, అత్తయ్యా."

మూడు వారాలు ఆమె దాచింది ఇదేనని అత్తగారికి అప్పుడు తెలిసింది. సూది తీసుకుంది, గుచ్చలేదు.

"ఈ రంగుల కాగితం నేను గీశానా? పైవాళ్ళు ఇచ్చారు, చూసి గుచ్చుతున్నాను. నువ్వూ అంతే. నీ చేతికి ఏది అందిందో అదే గుచ్చావు."

కోడలు ఆవిడ భుజం మీద తల వాల్చేసింది. పూసలు చాప మీద దొర్లిపోయాయి. ఆవిడ వాటిని ఏరుకోలేదు.

ఆ సాయంత్రం డ్యూటీ దిగి వచ్చిన భర్తకి కోడలే అంతా చెప్పింది. చీటీ మీద ఇద్దరూ సంతకం పెట్టారు.

శుక్రవారం పొద్దున పిల్లాడి సంచిలో నాయనమ్మ మడత పీట ఒకటి పెట్టింది. మెట్ల దగ్గర కోడలి చేయి అలవాటుగా ముందుకెళ్ళి, ఆగి, వెనక్కొచ్చింది. వాడు కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగాడు. మలుపు దగ్గర ఆగి ఊపిరి పీల్చుకుని పైకి చూశాడు.

"అమ్మా, నువ్వు రాకు. నేనే వెళ్తా."

ఆమె పై మెట్టు మీద కూర్చుండిపోయింది. చివరి మెట్టు చప్పుడు వినబడేదాకా కళ్ళు తుడుచుకోలేదు.