ఆర్ద్ర మీద ఎర్రగీత

మంగళగిరిలో ఆ ఉదయం మురుగుకాల్వ నీలంగా, తేటగా పారుతోంది. గట్టు మీది చెత్తకుప్ప బంతిపూల మడిలా కనిపిస్తోంది. కంపు మాత్రం కంపే. కంటిపొర చూపును మార్చగలదు గానీ ముక్కునేం చేయగలదు? పానకాలరావు తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని గబగబా ఇంట్లోకి వచ్చాడు.

పన్నెండేళ్లుగా ఊళ్లో అందరి కళ్ల మీదా ఆ పొర ఉంది. చూడలేనిదాన్ని చెరిపేసి, చూడముచ్చటైనదాన్ని అద్దుతుంది. అప్పటినుంచీ కాల్వ తీసే మనిషి రావడం మానేశాడు. కంటికి కనపడని కుళ్లును ఎత్తమని ఎవరడుగుతారు? ఛీ, ఏం బతుకులు!

పానకాలరావు తారావీక్షణ సంఘానికి కార్యదర్శి. ఏడాదికొక్క అమావాస్య నాడు సంఘం చీకటిమిట్టకు వెళ్తుంది. ఆ కొండ చుట్టూ ఇరవై మైళ్ల మేర దీపం వెలగదు. అక్కడ చూడవలసిన పన్నెండు చుక్కల జాబితా ఆ సాయంత్రానికల్లా సభ్యులకు పంపాలి. జాబితాలు కట్టే వరుసమర బల్ల మీంచి దాన్ని చదివింది.

"ముందు పడమట వాలేవి, తర్వాత నడినెత్తివి, చివర తూర్పున లేచేవి. పన్నెండూ స్పష్టంగా కనిపిస్తాయి."

"మబ్బు పడితేనో?" అన్నాడాయన వేళాకోళంగా.

"మబ్బు పడినా కనిపిస్తాయి. పొర తన పట్టికలోంచి చుక్కలను తీసి అద్దుతుంది."

ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. దూరపు ఊళ్ల వెలుతురును అడ్డుకుని, ఉన్న చుక్కలనే పొర చూపిస్తుందని ఇన్నేళ్లూ నమ్మాడు. ఎవరినీ అడగనైనా లేదు.

అటక మీంచి పాత నోటుపుస్తకాలు దించాడు. సంఘంలో ఒక ఆచారం ఉంది. ఇద్దరు మనుషులు ఒకే చాప మీద వీపులు ఆనించి కూర్చుని, ఒకరికొకరు చెప్పుకోకుండా తమకు కనిపించింది రాసుకోవాలి. తెల్లారాక రెండు గడులూ పక్కపక్కన పెట్టి చూస్తారు. పొసగని చోట కార్యదర్శి ఎర్ర పెన్సిలుతో ఒకదాన్ని కొట్టేసి, కారణం అందరి ముందూ చదువుతాడు. ఆయనకు జోడీ వాళ్లక్క రాజ్యలక్ష్మి. కంటి ఆపరేషన్ అయ్యాక ఆమెకు పొర అంటలేదు. సంఘం మొత్తంలో ఒట్టి కళ్లతో చూసేది ఆమె ఒక్కతే.

ఒక అక్టోబరు పుట తెరిచాడు. ఆయన గడిలో పన్నెండు చుక్కలు, వాటి కాంతి దశాంశాలతో సహా. కింద "మంచు ఎక్కువ" అని ఉంది. అక్క గడిలో "మబ్బు. చినుకులు. చాప తడిసింది. ఒక్క చుక్క లేదు" అని ఉంది. దాని మీద ఎర్రగీత.

వాన నెత్తిన పడుతుంటే మంచు అని రాశాడు!

ఆర్ద్ర పుటలు వెతికాడు. ఆ ఎర్రని చుక్క ఒక్కోసారి మసకబారి తేరుకుంటుంది. అంత వెలుగును పెద్ద దుర్భిణులు తట్టుకోలేవు, కొలత చెడుతుంది. మామూలు కళ్లతో చూసే ఇలాంటి సంఘాల వాళ్లే దాని లెక్క ఉంచాలి. ఆయన గడిలో ఏళ్ల తరబడి ఒకే అంకె. అక్క గడిలో "ఆర్ద్ర తగ్గింది". తర్వాత "ఇంకా తగ్గింది". ఆ తర్వాత "రోహిణి కన్నా మసక". మూడింటి మీదా ఎర్రగీతలు, పక్కన "కంటిదోషం" అని ఆయన దస్తూరీ. ఆమె రావడం మానేసిన ఈ నాలుగేళ్లూ గడి ఖాళీ.

పుస్తకం పట్టుకుని పెరట్లోకి పరిగెత్తాడు. రాజ్యలక్ష్మి పెరటి వెనక కాల్వగట్టున పారతో ఏదో ఎత్తుతోంది.

"అక్కా, ఆ మల్లెదండ ఎక్కడిదే?"

"దండేంట్రా నీ మొహం! పందికొక్కు. చచ్చి మూడ్రోజులైంది. పురుగులు పట్టాయి."

ఆయన గోళ్లతో కళ్ల మీది పొరలు పీకి పారేశాడు. నీళ్లు ధారలు కట్టాయి. నల్లటి బురద, ఉబ్బిన తోలు, దాని మీద కదిలే తెల్లటి పురుగులు. గోడ పట్టుకుని వాంతి చేసుకున్నాడు. తన మీద తనకే అంత రోత ఎన్నడూ పుట్టలేదు.

ఆమె చెంబుతో నీళ్లిచ్చింది. "పుక్కిలించు. నేను రోజూ చూస్తున్నదేలే."

"నువ్వు రాసిందే నిజమక్కా. అన్నీ నేనే కొట్టేశాను. చీకటిమిట్టకు నువ్వూ రా. జాబితాలో మొదట ఆర్ద్రనే పెడతాను." ఆయన పుస్తకం చాచాడు. "ఈ నాలుగేళ్లూ రాయకపోయినా చూసే ఉంటావుగా. ఎంత తగ్గింది? మళ్లీ తేరుకుందా? నువ్వు చెప్పు, నేను రాసుకుంటాను."

రాజ్యలక్ష్మి పార కడిగి గోడకు ఆనించింది.

"పదిమందిలో నిలబడి, మా అక్కకు కళ్లు పోయాయని చదివావు చూడు, ఆ రోజు నుంచి నేను తలెత్తి పైకి చూళ్లేదురా."