నడిమి చిరుగు

"కాలు తియ్యి!"

ఇరియా అరిచేసరికే ఆలస్యమైపోయింది. వెనకాల పర్రుమంది.

కొయింబ్రాలో ఆ మెట్లను నడుం విరగ్గొట్టే మెట్లంటారు. పేరు ఊరికే పెట్టలేదు. వాన పడితే ఆ రాళ్ళు సబ్బు రాసినట్టుంటాయి. ఆ శనివారం పొద్దుట్నుంచీ వాన పడుతూనే ఉంది. ఇరియా ముందు దిగుతోంది. యూనివర్సిటీ పిల్లలు వేసుకునే నల్ల ఉన్ని కేప్ ఆమె భుజాల నుంచి మడమల దాకా వేలాడుతోంది. ఆమె వెనకే వీపున సంచీ తగిలించుకుని, నోరు తెరుచుకుని పైకి చూస్తూ ఒకడు దిగుతున్నాడు. వాడి బూటు ఆ కేప్ అంచు మీద పడింది.

"క్షమించండి! పైకి చూస్తున్నాను..."

"పైనేముంది? దేవుడు దిగొస్తున్నాడా?"

"కిటికీలో పిల్లి ఉందండి."

ఇరియా చూడకూడదనుకుంది. చూసింది. నిజంగానే ఉంది, పసుపు పిల్లి. దాంతో ఇంకా ఒళ్ళు మండింది.

"ఎక్కడ చిరిగింది? చూసి చెప్పు."

"మధ్యలో. జానెడు."

"కాస్త కుడిపక్కకి లేదూ? పోనీ ఎడమపక్కకి?"

"కొలిచినట్టు మధ్యలోనండి."

ఇరియా తడి మెట్టు మీదే కూలబడింది. అతను కంగారుపడి తన గొడుగు ఆమె మీదికి వంచాడు. దానికి ఒక పుల్ల విరిగి ఉంది. నీళ్ళన్నీ అతని మెడలోకే పోతున్నాయి.

"కుట్టేస్తే సరిపోతుంది కదండీ, నేనే..."

"కుట్టావంటే చంపేస్తాను! నడు. మా ఇంటికి వచ్చి జవాబు చెప్పు."

ఇల్లంటే ఆకలి రిపబ్లిక్. పదకొండు మంది విద్యార్థులు, ఒక వంటగది, పెచ్చులూడే పైకప్పు. ఆ ఊళ్ళో పిల్లలు కలిసి వండుకుని, కలిసి కొట్లాడుకుంటూ నడుపుకునే ఇళ్ళకు రిపబ్లిక్ అని పేరు. భోజనం వేళకు ఎవరొచ్చినా పెడతారు. డబ్బు పుచ్చుకోరు. తిన్నవాడు గిన్నెలు కడగాలి, అదొక్కటే చట్టం. ఆ ఇంటి యజమానికి ఈ మధ్య కొత్త ఆశ పుట్టింది. పిల్లల్ని గెంటేసి, తలుపుకు అంకెల తాళం వేసి, టూరిస్టులకు రోజువారీ అద్దెకిస్తాడట. చదువుకునేవాళ్ళను తరిమేశాక టూరిస్టులు వచ్చి చూసేదేమిటి, తాళాలా? అందుకే వంటగది మూల, ఇల్లు వదిలేది లేదని అచ్చేయించిన కరపత్రాల కట్ట ఒకటి పడి ఉంది.

సంగతి విని, లా చదివే జెఫెరీనో గరిటె పట్టుకుని జడ్జిలా కూర్చున్నాడు.

"ముద్దాయి పేరు?"

"టెల్మో. ఊరు బరైరో. బస్సు డిపోలో సీట్లు కుడతాను."

"కొయింబ్రాకి ఏం చింపడానికి వచ్చావు?"

"మూడేళ్ళకి రెండు రోజులు సెలవు దొరికింది. ఊరంతా నడిచి చూద్దామని వచ్చాను. రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు తెచ్చుకున్నాను." టెల్మో గిన్నె లోంచి తలెత్తాడు. "సూప్ చాలా బాగుంది. థాంక్స్ అండి."

"కోర్టుకు లంచం ఇవ్వకు. నువ్వు చేసిన నేరం ఏమిటో తెలుసా? ఈ కేప్‌కి ఎడమ అంచు ఇంటివాళ్ళది, కుడి అంచు స్నేహితులది. చదువు అయ్యేలోగా ఒక్కొక్కరు పంటితో ఒక్కో చిరుగు పెడతారు. ప్రేమకు గుర్తన్నమాట. నడిమి చోటు మాత్రం..."

"మాత్రం?"

"మనసిచ్చినవాడిది. ప్రేమ చెడితే ఆ చిరుగు కుట్టేసుకోవాలి."

టెల్మో చెవులు టమాటాలైపోయాయి. వంటగది అంతా గొల్లుమంది. ఇరియా నవ్వలేదు.

"రేపు మా అమ్మమ్మ వస్తోంది. చిరుగు చూస్తే 'ఎవడే వాడు?' అంటుంది. కుట్టు చూస్తే 'అప్పుడే వదిలేశాడా?' అంటుంది. నేనెటు చావను?"

ఆ కేప్ ఆమె తల్లిది. తల్లి పంతొమ్మిదో ఏట ఒకడి వెంట పడి పుస్తకాలు వదిలేసింది. ఆ ఒకడు ఎటో పోయాడు. ఇప్పుడామె స్విట్జర్లాండులో హోటలు గదులు తుడుస్తోంది. ఇరవై ఏళ్ళు పెట్టెలో దాచిన కేప్‌ని అమ్మమ్మ దెయోలిందా ఇరియా భుజాల మీద వేసి, డిగ్రీ చేతికొచ్చేదాకా నడిమి చోటు చెక్కుచెదరకూడదని మాట తీసుకుంది. ఇంకా రెండు నెలలుంది.

టెల్మో చేతులు తుడుచుకున్నాడు. "కనబడకుండా కుట్టగలను. నా కుట్టు ఎక్కడుందో మా మేనేజరు కళ్ళజోడు పెట్టుకున్నా పట్టుకోలేడు. కానీ సరైన దారం కావాలి. ఇదే నలుపు, ఉన్నిదే."

ఇరియాకు వెంటనే గుర్తొచ్చింది. పైన ఆమె గదిలో, అల్మరాలో, అమ్మమ్మ ఇచ్చిన బిస్కెట్ల డబ్బా ఉంది. అందులో నల్ల ఉన్ని దారం ఉండ ఉంది.

"బజార్లో దారాల కొట్టుంది. ఒంటిగంటకు మూసేస్తారు. లే!" అంది.

అలా ఎందుకందో ఆమెకూ తెలియదు.

"కరపత్రాల సంచీ వాడే మొయ్యాలి!" వెనక నుంచి జెఫెరీనో తీర్పు చెప్పాడు.

కొట్టు దగ్గరికి పరుగెత్తుకుంటూ వెళ్ళారు. కొట్టు లేదు. అరవై ఏళ్ళు గుండీలూ దారాలూ అమ్మిన చోట ఇప్పుడు టూరిస్టులకమ్మే ఫ్రిజ్ మాగ్నెట్ బొమ్మలు వేలాడుతున్నాయి.

"వీటితో చొక్కా కుట్టుకోమను, వీళ్ళ మొహం మండ!" అని ఇరియా ఆ గుమ్మంలోనే రెండు కరపత్రాలు పెట్టింది.

అక్కణ్ణించి పాత చర్చి వెనక సందులు. తర్వాత కొండెక్కి యూనివర్సిటీ దాకా. అక్కడి గడియార స్తంభం గంట టంగుమంటే టెల్మో ఉలిక్కిపడ్డాడు.

"దాన్ని మేక అంటాం. క్లాసుకు రమ్మని అరుస్తుంది."

"థాంక్స్ అండి, చెప్పినందుకు."

దారి చెప్పిన ముసలాయనకూ, ఆగి దారిచ్చిన కారువాడికీ థాంక్స్ చెప్పాడు. చివరికి నది ఒడ్డున కూర్చుని లేస్తూ బల్ల మీద చెయ్యేసి కూడా ఏదో గొణిగాడు.

"బల్లకి కూడానా? మా ఇంట్లో ఎవరూ థాంక్స్ చెప్పరు. గిన్నెలు కడుగుతారంతే."

"మా అమ్మకి ఒక్కసారీ చెప్పలేదు. బతికున్నన్నాళ్ళూ, రోజూ అన్నం పెట్టింది." టెల్మో నది వైపు చూస్తున్నాడు. "అప్పట్నుంచి దాచుకోవడం మానేశాను."

ఇరియా అతని సంచీలోంచి గుడ్డు తీసి, పెంకు ఒలిచి అతని చేతిలో పెట్టింది.

వంతెన దాటాక ఒక చిన్న కొట్లో నల్ల దారం దొరికింది. టెల్మో దాన్ని వెలుతురు వైపు ఎత్తి చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఇది నలుపు కాదు. ఎండలో గోధుమరంగు."

"ఎండెక్కడుందయ్యా?"

"రేపు రావచ్చు."

ఇంకెవరైనా అయితే ఇరియా తల పగలగొట్టేది. "సరే, ఇంకో కొట్టు చూద్దాం" అంది. గొడుగు ఆమె వైపే ఒరిగి ఉందని, అతని ఎడమ భుజం నీళ్ళు కారుతోందని అప్పుడే గమనించింది. గమనించనట్టు నడిచింది.

ఆ రాత్రి టెల్మో రిపబ్లిక్ సోఫా మీద పడుకున్నాడు. ఆదివారం పొద్దున గిన్నెలన్నీ కడుగుతుండగానే తలుపు దబదబ మోగింది. అమ్మమ్మ చెప్పినదానికంటే ఒక బస్సు ముందే వచ్చేసింది, చంకలో మొక్కజొన్న రొట్టెతో.

ఇరియా చటుక్కున కేప్‌తో సహా గోడకు ఆనుకుంది.

"బల్లిలా గోడకి అతుక్కున్నావేమే? ఇటు తిరుగు."

"చలేస్తోంది అమ్మమ్మా."

"గోడలోంచి వేడొస్తోందా? తిరగవే!"

తిరిగింది. వంటగదిలో కుళాయి కూడా ఆగిపోయింది.

"ఎవడు?" అంది దెయోలిందా. గొంతు పెంచలేదు. అదే భయం.

టెల్మో నురగ చేతులతో ముందుకొచ్చాడు. "నేనేనండి. కానీ పంటితో కాదు. కాలితో. మెట్ల మీద తొక్కాను."

"కాలితోనా?"

"పిల్లిని చూస్తూ తొక్కాడు అమ్మమ్మా, ఒట్టు!"

ముసలావిడ ఇద్దర్నీ ఎగాదిగా చూసింది. "సూదీ దారం తెండి ముందు."

ఆ గద్దింపుకు టెల్మో చేతులు వాటంతటవే పనిలోకి దిగాయి. సంచీ పక్కజేబు లాగి తోలు పర్సు తీశాడు. వంకర సూది, చిన్న కత్తెర, మూడు దారం ఉండలు. ఒకటి నల్లది. ఉన్నిది.

ఇరియా దాన్ని చూసింది. అతన్ని చూసింది.

"ఇది... నిన్నట్నుంచీ నీ సంచీలోనే ఉందా?"

"పనిముట్లు లేకుండా ఎక్కడికీ వెళ్ళను."

"మరి నన్ను వంతెన దాటించావు! రెండుసార్లు కొండెక్కించావు!"

"ఊరు చూద్దామని వచ్చాను కదండీ." నేలవైపు చూస్తూ అన్నాడు. "మీరు లేకుండా చూడబుద్ధి కాలేదు."

"ఎంత మోసం..."

"ఆగవే," అంది అమ్మమ్మ. "నేనిచ్చిన బిస్కెట్ల డబ్బా ఏమైంది? నల్ల దారం దాన్లోనే ఉండాలిగా?"

ఇరియా కేప్‌ని మొహం మీదికి లాక్కుంది. జెఫెరీనో గరిటె బల్ల మీద కొట్టాడు.

"ఇద్దరూ ముద్దాయిలే!"

దెయోలిందా పగలబడి నవ్వింది. కట్టుడు పళ్ళు ఊడొస్తాయని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎడమ అంచున చిరుగు పెట్టిన రోజు అవి ఉన్నిలోనే ఇరుక్కుపోయాయి, ఆ కథ ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. నవ్వు ఆగాక కేప్ ఒళ్ళో వేసుకుని అరచేత్తో సరిచేసింది.

"కాలితో పడ్డది వట్టి చిరుగే, లెక్కలోకి రాదు. కుట్టెయ్, అబ్బాయ్." తర్వాత మనవరాలి వైపు తిరిగింది. "మీ అమ్మ వాణ్ణి ప్రేమించిందని కాదే నా ఏడుపు. పుస్తకాలు వదిలేసిందని. నువ్వు వదలవుగా?"

"వదలను."

"అయితే ఆ నడిమి చోటు గురించి నన్నడక్కు. వీపు నీది."

టెల్మో గంటసేపు కుట్టాడు. కుట్టడం అయ్యాక అమ్మమ్మ వేళ్ళతో మూడుసార్లు తడిమింది. ఎక్కడా తగల్లేదు. "చేతులు మంచివి," అని రొట్టెలో పెద్ద ముక్క అతనికే విరిచిచ్చింది.

సాయంత్రం బస్టాండు. ఆరింటి బస్సు. రెండు రోజుల వాన వెలిసి, పొద్దుగూకే ముందు కాస్త ఎండ కాసింది.

"నలుపే," అంది ఇరియా భుజం మీంచి కేప్‌ని చూసుకుంటూ. "ఎండలో కూడా."

"చెప్పానుగా. ఇరియా గారూ, ఈ రెండు రోజులకీ..."

"నోర్ముయ్. ఈసారి నేను." ఆమె ఊపిరి పీల్చుకుంది. అలవాటు లేని పని. "థాంక్స్. నీ భుజం తడిసింది, చూశాను. గిన్నెలు కడిగావు. అబద్ధమాడకుండా అమ్మమ్మ ముందు నిలబడ్డావు. పిల్లిని చూశావు. అన్నిటికీ థాంక్స్."

చెప్పి గిర్రున తిరిగింది. కేప్ అంచు మధ్యలో పట్టుకుని వీపు మీదుగా పైకెత్తింది.

"పంటితో. జానెడొద్దు, గోరంత చాలు. మిగతాది డిగ్రీ చేతికొచ్చాక. రెండు నెలలు. వస్తావా?"

"నడిచైనా వస్తాను."

టెల్మో వంగాడు. ఉన్ని పట్టుకుంటే మొండికేసింది. రెండోసారికి పర్రుమంది.

డ్రైవరు హారన్ కొట్టాడు. "కొరికావు కదయ్యా, ఇక ఎక్కు!"

బస్సు వెళ్ళిపోయింది. ఇరియా అడ్డదారి వదిలేసి, నడుం విరగ్గొట్టే మెట్ల మీదుగానే ఇంటికెళ్ళింది. మెల్లగా, ఒక్కో మెట్టూ ఎక్కుతూ, వెనకొచ్చేవాళ్ళందరికీ వీపు కనబడేలా.