మానిపోయిన వేలు

"మీ చీము కొంచెం కావాలి" అంది కిరణ్మయి. లలిత్‌తో ఆమె అన్న మొదటి మాట అదే.

అతను సిటీ శివార్లలో ఉన్న బొమ్మసంద్రలో, సబ్బుపొడిలో కలిపే ఎంజైములు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఆమె సిటీలో బాక్టీరియా మీద రీసెర్చి చేస్తూ, ప్లాంటు చూడ్డానికి వచ్చింది. గాజుగొట్టం పగిలి కోసుకున్న అతని చూపుడువేలు ఎన్నాళ్ళకీ మానక, కట్టు మీద పచ్చటి మరక పడింది. మర్యాదస్తులైతే చూపు తిప్పుకుంటారు. ఈ పిల్ల మాత్రం నగల కొట్టులో నిలబడ్డట్టు చూస్తోంది.

"అడగడానికి ఇంకేం దొరకలేదా?" అన్నాడు లలిత్.

"మీ దగ్గర నాకు పనికొచ్చేది అదొక్కటే."

అతను సెలవు పెట్టి ఫ్యాక్టరీ దగ్గర్లోని హెబ్బగోడిలో తన అద్దెగదిలోనే ఉండిపోతే, సాయంత్రాలు ఆమే బస్సెక్కి వచ్చేది. మేడమెట్ల మీద కూర్చుని దూదిపుల్లతో పుండు తుడిచి, ఆ పుల్లని చిన్న గొట్టంలో పెట్టుకునేది.

ఒకరోజు గాజుమూత ఉన్న ప్లేటు తెచ్చింది. పాలు కలిపిన తెల్లటి జెల్లీలాంటి పొర మీద ఒక చుక్క, దాని చుట్టూ అద్దంలాంటి వలయం.

"ఈ చుక్క మీ బాక్టీరియానే. పాలలో ప్రొటీన్‌ని ముక్కలు చేసేసింది, అందుకే చుట్టూ క్లియర్ అయింది. దీని ఎంజైము కత్తెరలాంటిది. మీ ఒంట్లో యాంటీబాడీలు కాపలాకి వస్తే వాటినే కత్తిరిస్తుంది. ఇంక పుండెలా మానుతుంది?"

"మరకల కోసం నేను తయారుచేసే కత్తెరే నా మీద పడిందన్నమాట."

"మీది సాధువు. ఇది రౌడీ."

ఆమె నవ్వితే అతనికి వేలి నొప్పి తెలిసేది కాదు.

డాక్టరు మందు మార్చాడు. పుండు మానింది. ఆమె దూదిపుల్లతో రావడం మాత్రం ఆగలేదు. వస్తున్నది తన కోసమా, తన బాక్టీరియా కోసమా? లలిత్‌ని ఈ అనుమానం తినేసింది. ఒక వానసాయంత్రం ఉండబట్టలేక అనేశాడు.

"మీ రీసెర్చికి సరిపడా దొరికింది కదా. ఇంకా ఇంత దూరం రావడమెందుకు?"

'మీ కోసమే' అంటుందని ఆశపడ్డాడు వెర్రివాడు. ఆమె గొట్టానికి మూత బిగించి, "నిజమే" అని గొడుగు విప్పుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత వానలు ఎక్కువయ్యాయి. సిటీ బస్సు ఆగిన చప్పుడైతే చాలు, లలిత్ మేడ మీంచి తొంగిచూసేవాడు. ఎవరెవరో దిగేవాళ్ళు. మెట్ల మీద ఆమె కూర్చునే చోట తను కూర్చోబుద్ధి కాక పక్కన కూర్చునేవాడు.

ఇంటావిడ అక్కయమ్మ చూసి చూసి అడిగింది. "ఏమప్పా, ఆ దూదిపుల్ల పిల్ల యాడుండాది? పుండు మానినాక గూడా వస్తా ఉండె గదా."

ఆ మాటకి లలిత్ గొడుగు కూడా తీసుకోకుండా బస్సెక్కాడు.

ల్యాబులో కిరణ్మయి తెల్లకోటులో, చేతులకి గ్లవ్స్‌తో ప్లేట్లు సర్దుతోంది. తడిసి ముద్దయిన అతన్ని చూసి ఆగిపోయింది.

"చివర్లో తీసుకెళ్ళినవాటిల్లో ఏమొచ్చింది?" అన్నాడు.

"ఏం రాలేదు. ప్లేట్లు తెల్లగానే ఉండిపోయాయి."

"ఎప్పట్నించి?"

"మందు మార్చిన వారం నించే."

"మరి అన్ని రోజులు ఎందుకొచ్చారు?"

ఆమె తల దించుకుంది. "అదే చెప్దామని రోజూ అనుకునేదాన్ని. మీరేమో పనైపోయింది కదా అన్నారు. హోసూరు రోడ్డంతా ఏడుస్తూనే వెళ్ళాను."

"మళ్ళీ వేలు కోసుకుంటే వస్తారేమోనని కూడా అనుకున్నాను, కిరణ్మయీ. మీరు రాకపోతే నాకు సాయంత్రాలు గడవట్లేదు."

ఆమె చేతిలో ఉన్న ప్లేటు బల్ల మీద పెట్టి దగ్గరికొచ్చింది.

"వేలు చూపించండి" అంది.

"మానిపోయింది."

"తెలుసు."

గ్లవ్స్ తీసేసి ఆ వేలు పట్టుకుంది. ఈసారి ఆమె చేతిలో దూదిపుల్ల లేదు.