తేలికదారిలో వచ్చిన చెల్లెలు

ఈకబండి తలుపు మూసే ముందు అచ్చియమ్మ చేత బంగారు గాజులు తీయించారు. ఏలూరు ఎక్కుడుకొట్టంలో తూకపు పలక మీద అత్తాకోడళ్లు ఇద్దరూ నిలబడితే ఉండాల్సిన దానికంటే కాస్త ఎక్కువ చూపించింది. ముందు చెప్పులు విడిచారు. తర్వాత సత్యవేణి చేతిసంచీ పక్కన పెట్టింది. అయినా పలక మీది ఎర్రదీపం ఆరలేదు.

"ఆ ఒళ్లో మూట ఇచ్చెయ్యండి అత్తయ్యా, సరిపోతుంది."

"గాజులైనా ఇస్తాను గానీ ఇది మాత్రం ఇవ్వను. ఇది మీ అన్నయ్య కోసం." అచ్చియమ్మ మొండికేసిందంటే దేవుడు దిగొచ్చినా వినదు. గాజులు తీసి కాపలా మనిషి చేతిలో పెట్టింది. దీపం ఆరింది. గోడలోంచి ఇనుప చెయ్యి ఒకటి వచ్చి బండి తలుపు మూసి వెనక్కి వెళ్లిపోయింది. తలుపుకు లోపలివైపు పిడి గానీ గొళ్లెం గానీ లేవు.

ఒకప్పుడు కార్లకు అవన్నీ ఉండేవి. బరువు తగ్గిస్తే వేగం పెరుగుతుంది, కరెంటు కలిసొస్తుంది అని ముందు స్టెప్నీ తీసేశారు. అంతవరకు బాగానే ఉంది. తర్వాత ఏసీ పోయింది, హారన్ పోయింది, సీట్లు పోయి వలపీటలు వచ్చాయి, అద్దాల బదులు పొరగాజు వచ్చింది. లాగే యంత్రం, ఆపే బ్రేకు బండిలో మోసుకు తిరగడం దేనికి, దారిలోనే పెడితే పోలేదా అన్నారు. స్తంభాల మీద సన్నటి తేలికదారులు లేచాయి. పెయింటుకు కూడా బరువుంటుందని ఎవరో కనిపెడితే అదీ గీకేశారు. ఆఖరికి గొళ్లేల వంతు వచ్చింది. తలుపు తీసే చెయ్యి దిగుడుకొట్టంలో ఉంటే చాలదా అన్నారు. కారు కాస్తా ఈకబండి అయింది. బండిలో తగ్గించడానికి ఇంకేమీ మిగలకపోయేసరికి అందరి చూపూ లోపల కూర్చున్న మనిషి మీద పడింది.

అలా తేలిక పట్టా పుట్టింది. ఒంటి బరువు నలభై నాలుగు కిలోలు దాటని వాళ్లకే తేలికదారి, మిగతా వాళ్లకు కింద గుంతలు పడ్డ నేలదారి. పెళ్లిచూపుల్లో పాట పాడమనడం పోయి పలక ఎక్కమనడం వచ్చింది. సత్యవేణి కాపురం ఏలూరులో, ఉద్యోగం విశాఖపట్నంలో. రోజూ వెళ్లి రావాలంటే పట్టా ఉండి తీరాలి. ఎనిమిదేళ్లుగా ఆమె ఒంటిపూట తింటోంది. నలభై రెండున్నర దాటి ఒక్క గ్రాము పెరగలేదని ఆఫీసులో ఆమెకు మంచి పేరు. ముసలితనానికి ఎండిపోయిన అచ్చియమ్మకు పట్టా తేలిగ్గానే దొరికింది.

అన్నయ్య అబ్బులు ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. ఆత్రేయపురంలో పూతరేకుల దుకాణం, దానికి తగ్గ పొట్ట. పట్టా కోసం దరఖాస్తు కూడా పెట్టని మనిషి. చెల్లెలు కనిపిస్తే చాలు, "గాలొస్తే ఎగిరిపోతావే, ఓ ముద్ద తినవే" అని వెంటపడేవాడు. ఈ పొద్దున అతని కడుపులో పుండు పగిలింది. రాజమహేంద్రవరం ఆసుపత్రిలో పడుకోబెట్టి రక్తస్రావం ఆపబోతే, ఎక్కించడానికి రక్తం లేదు. అన్నాచెల్లెళ్లది లక్షల్లో ఒకరికి ఉండే రక్తం. రక్తనిధిలో ఒక్క సంచీ కూడా లేదు. "సాయంత్రంలోగా రండి" అన్నారు ఫోనులో. సాయంత్రం దాటితే ఏమవుతుందో ఆమె అడగలేదు, వాళ్లూ చెప్పలేదు.

తేలికదారిలో ఏలూరు నుంచి రాజమహేంద్రవరం ఎంతసేపు! కునుకు తీసేలోపు కొవ్వూరు వెనక్కి పోయింది. కింద శ్రావణమాసపు గోదావరి ఎర్రగా ఒడ్డు నుంచి ఒడ్డుకు పొంగుతోంది. ఏసీ బదులు గాలి కోసం పొరగాజులో కోసిన జానెడు చీలికలోంచి తేమగాలి కొడుతోంది. సత్యవేణి కళ్లు మూసుకుని చేతి నరాన్ని బొటనవేలితో తడుముకుంటోంది. ఇక్కడే సూది గుచ్చుతారు కాబోలు అనుకుంది.

కళ్లు తెరిచేసరికి అచ్చియమ్మ ఒళ్లో మూట విప్పి ఉంది. పసుపు రాసిన నేతచీర, రవికెల గుడ్డ, బియ్యం, తమలపాకుల్లో చుట్టిన పసుపుకొమ్ములు.

"అత్తయ్యా, వద్దు!"

అప్పటికే చీలికలోంచి చీర సగం బయటికి జారింది. మిగతా సగాన్ని గాలే లాక్కుంది. దాని వెనకే బియ్యం, పసుపు.

"గోదారమ్మా, చీరా సారె నీకిత్తన్నాను తల్లీ. మా అబ్బులుని మాకుంచు." అచ్చియమ్మ కళ్లు మూసుకుని దండం పెట్టింది. గోదారి దాటేటప్పుడు నీళ్లకు ఏదో ఒకటి ఇవ్వకుండా దాటడం ఆమె ఎరగదు. రైలైనా, బస్సైనా, ఇప్పుడీ ఈకైనా.

బండిలో తూకరి గొంతు విప్పింది. బండి బరువును క్షణక్షణం చూసుకునే యంత్రం అది. మర్యాదకు లోటుండదు.

"ప్రయాణికులకు మనవి. ఎక్కినప్పటి బరువుకూ ఇప్పటి బరువుకూ కిలోన్నర తేడా ఉంది. బండి నుంచి ఏదో భాగం రాలిపోయినట్టు భావిస్తున్నాం. మీ క్షేమం కోసం బండిని చుట్టుదారికి మళ్లిస్తున్నాం."

"ఏం రాలలేదు! అది చీర! మేమే పడేశాం!" అని అరిచింది సత్యవేణి.

తూకరికి బరువు తెలుసు, చీర తెలియదు. వంతెన దాటగానే దారి రెండుగా చీలింది. ఎదురుగా కనిపిస్తున్న ఆసుపత్రి దిగుడుకొట్టాన్ని వదిలేసి బండి ఎడమకు తిరిగింది.

చుట్టుదారి ఊరి చుట్టూ ఉంటుంది. భాగం రాలిన బండిని గట్టిగా ఆపితే చిట్లిపోవచ్చని, పరీక్షించే చెయ్యి ఖాళీ అయ్యేదాకా దాన్ని అక్కడ మెల్లగా తిప్పుతూనే ఉంటారు. ముందు అయిదారు బండ్లు ఉన్నాయి. వాటిలో ఒకదాంట్లో ఎవరో పొరగాజుకు నుదురు ఆనించి నిద్రపోతున్నారు.

సత్యవేణి తలుపును భుజంతో తోసింది. అరచేతులతో బాదింది. పొర డప్పులా మోగింది తప్ప చెక్కు చెదరలేదు. బరువు తగ్గించినా బలం తగ్గించలేదని కంపెనీవాళ్లు గొప్పగా చెప్పుకునే మాట నిజమేనని అప్పుడు తెలిసింది. పర్యవేక్షకుణ్ని పిలిచే మీట మాత్రం ఉంది. నొక్కింది.

"చెప్పండమ్మా." మగగొంతు. అలసిపోయినట్టుంది.

"అయ్యా, మా అన్నయ్యకి రక్తం ఇవ్వాలి. ఆసుపత్రి కనిపిస్తోంది. తలుపు తీయించండి."

"తలుపు నా సేతుల్లో ఉంటే ఈపాటికి తీసేద్దునండి. తూకం కలిస్తేనే ఆ సెయ్యి కదుల్తాది. ఏం పడిపోయిందండీ?"

"గోదావరికి చీర పెట్టారు మా అత్తగారు."

"మా అమ్మా ఇంతేనండి," అన్నాడతను. "పరీక్ష సెయ్యి మీ దాకా వచ్చేసరికి రాత్రవుద్దండి. లోపల్నించి మీరేమైనా తూకం కలపగలిగితే మాత్రం ఆపేవోళ్లు లేరు."

లోపల కలపడానికి ఏముంది? ఉన్నవన్నీ ఏలూరులోనే తీయించేశారు. బండి తిరుగుతోంది. ఆసుపత్రి ఒకసారి కుడివైపు వచ్చింది, మళ్లీ వెనక్కి పోయింది. గాలి చాలడం లేదు. అంతవరకు ఎప్పుడూ అత్తగారికి ఎదురు చెప్పని మనిషి నోరు చేసుకుంది.

"చంపేశారు అత్తయ్యా! మీ మొక్కుతో మా అన్నయ్యని చంపేశారు!"

అచ్చియమ్మ ఏడవలేదు. నోట్లో చీరచెంగు కుక్కుకుని కూర్చుంది. నా చేతులారా చేశాను, నా చేతులారా చేశాను అని లోపల్లోపల అనుకుంటూనే ఉంది. మంచి జరగాలని చేసిన పని ఇలా మెడకు చుట్టుకుంటుందని ఆమెకు ఎవరు చెప్పారు? తాను చావడానికైనా సిద్ధమే గానీ, చచ్చినా తూకం మారదు కదా.

మూడో చుట్టులో వాన మొదలైంది. పొరగాజు మీద టపటపా పడి, చీలికలోంచి ముసలావిడ మోకాలి మీదికి జల్లు కొట్టింది. ఆమె తడిసిన చీర కుచ్చిళ్లను చూసుకుంది. చేత్తో ఎత్తి చూసింది. ఒక్కసారి లేచి, కట్టుకున్న నేతచీర పైట విప్పి చీలికలోంచి బయటికి తోసింది.

"ఏం చేస్తున్నారు? అది కూడా పడేస్తారా?"

"నోరు మూసుకుని ఆ కొస గట్టిగా పట్టుకో అమ్మాయ్. గుడ్డ నీళ్లు తాగితే బరువెక్కదా?"

సత్యవేణికి అర్థమవడానికి ఒక్క క్షణం పట్టింది. ఇద్దరూ కొస పట్టుకుని వాన్లో పైట జెండాలా ఎగరేశారు. లోపలికి లాగి ఒళ్లో కుప్ప వేసుకుని, రెండో వైపు బయటికి తోశారు. సత్యవేణి తన చున్నీ కూడా తోసింది. "తేడా కిలో," అంది తూకరి. "తేడా అరకిలో." జుట్టు విప్పి తల చీలిక దగ్గర పెట్టింది సత్యవేణి. "తేడా పావుకిలో." వలపీట కింద నీళ్లు నిలిచాయి. అచ్చియమ్మ చీలిక దగ్గర వానకు దోసిలి పట్టి తాగింది, కోడలి చేత తాగించింది. ఇద్దరికీ పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. అయినా ఉన్నట్టుండి కోడలికి నవ్వు వచ్చింది, అత్తకూ వచ్చింది.

"బరువు సరిపోయింది. సహకరించినందుకు కృతజ్ఞతలు," అంది తూకరి.

ఆసుపత్రి దిగుడుకొట్టంలో ఇనుప చెయ్యి తలుపు తీయగానే సత్యవేణి వట్టి కాళ్లతో పరుగెత్తింది. వెనక అచ్చియమ్మ తడిచీర గుండెలకు అదుముకుని వస్తోంది. ఇంకా వెలుగుంది. సాయంత్రం దాటలేదు.

రక్తం తీసే గదిలో డాక్టరమ్మ ఆమెకు పొడిబట్టలు ఇచ్చింది, కూర్చోబెట్టింది, వేలు గుచ్చి ఒక చుక్క తీసి చూసింది. తర్వాత తూకం ఎక్కమంది. అంకె చూసి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"మీరు కూడానా?" అంది మెల్లగా.

"ఏమైందండీ?"

"నలభై అయిదు కిలోలుంటే గానీ తీయకూడదమ్మా. అదొక్కటే అయితే ఏదో ఒకటి చేద్దును. మీ రక్తం నీళ్లలా ఉంది. తీస్తే మీరు లేవరు, ఎక్కిస్తే ఆయనకి చాలదు."

"నాకేమైనా ఫర్వాలేదు. రాసిస్తాను. తీసుకోండి."

"ఈ రక్తం ఉన్నవాళ్లందరికీ పొద్దున్నే కబురు పెట్టాం. మీకంటే ముందు ముగ్గురు వచ్చారు. అందరూ తేలికదారిలో వచ్చినవాళ్లే. అందరూ ఇంతే." డాక్టరమ్మ కిటికీ వైపు చూసింది. "ఇవ్వగలిగిన మనిషి ఒకాయన ఉన్నాడు. డెబ్భై కిలోల మనిషి. నర్సీపట్నం నుంచి నేలదారిన బయలుదేరాడు. వాగులు పొంగాయి. రేపు మధ్యాహ్నానికి వస్తే గొప్ప."

"అప్పటిదాకా మా అన్నయ్య..."

డాక్టరమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఆ భుజంలో ఎముక తప్ప చేతికి ఏమీ తగల్లేదు. "మేం చేసేది చేస్తున్నాం. ఒకసారి వెళ్లి చూడండి. ఇంకా మాట్లాడుతున్నారు."

అచ్చియమ్మ గోడకు జారగిలబడి కూర్చుండిపోయింది. సత్యవేణి ఒక్కతే లోపలికి వెళ్లింది.

అంత పెద్ద మనిషి మంచం మీద తెల్లగా, పాలిపోయి ఉన్నాడు. చెల్లెల్ని చూడగానే మొహం వికసించింది.

"వచ్చేశావేంటే! ఏలూరు నుంచి అప్పుడే?"

"తేలికదారిలో వచ్చాను అన్నయ్యా."

"నువ్వు అన్నం మానేసినప్పుడల్లా తిట్టేవోణ్ని. ఇయ్యాళ అదే నన్ను బతికించింది సూడు." అతను ఆయాసపడ్డాడు. "తీశారా రక్తం?"

సత్యవేణి తలుపు వైపు చూసింది. అక్కడ డాక్టరమ్మ నిలబడి ఉంది.

"తీశారన్నయ్యా."

"నొప్పెట్టిందా?"

"లేదు."

"ఇంక భయం లేదులే." ఒక్కసారిగా ఒంట్లో బిగువంతా వదిలేసినట్టు తల దిండులోకి దించాడు. వేలితో పక్కబల్ల చూపించాడు. ఎవరో పెట్టి వెళ్లిన చక్కెరకేళీ పళ్లున్నాయి. "రక్తం ఇచ్చినోళ్లు తినాలంట. నా ముందు తిను. తూకం గీకం అన్నావంటే ఊరుకోను."

ఆమె మంచం పక్కన కూర్చుని పండు ఒలిచింది. మొదటి ముక్క నోట్లో పెట్టుకుంది. అతను రెప్పవాల్చకుండా చూస్తున్నాడు. ఎనిమిదేళ్లుగా అడుగుతున్నది ఇవాళ కళ్లారా చూస్తున్న సంతోషం ఆ మొహంలో ఉంది. ఆమె మొదటి పండు తినేసి, రెండోది ఒలుచుకుంది.