అన్నం రాని భోజనం

ఆదివారం పొద్దున చాముండేశ్వరి కుక్కర్లో పప్పు పోస్తుంటే కూతురు నిఖిత వచ్చి స్టవ్ ఆపేసింది.

"ఇవాళ వంట వద్దమ్మా. దేరాలో ఇథియోపియా హోటలుంది. శాకాహార భోజనం ఉంటుందిట. నేను తీసుకెళ్తాను."

"ముద్దపప్పు మానేసి అంతదూరం దేనికే?"

"ఎప్పుడూ కరామాలో మనవాళ్ళ హోటల్ ఇడ్లీలేనా? వెళ్దాం పద," అన్నాడు వీరరాఘవరావు. కూతురు సరదాపడి అడిగితే ఆయన కాదనడు.

అల్ నహ్దాలోని ఇంటి నుంచి బయల్దేరితే దారి పొడుగునా ట్రాఫిక్. హోటల్లో వంటగది తలుపు పక్క టేబుల్ ఇచ్చారు. అన్ని రకాల శాకాహారం బుధ, శుక్రవారాల్లోనేనని, అవి తమ ఉపవాసం రోజులని వడ్డించే అమ్మాయి చెప్పింది. ఇవాళ పప్పు, క్యాబేజీ మాత్రం ఉన్నాయట.

"కనుక్కోకుండా తీసుకొచ్చావా?" అంది చాముండేశ్వరి.

"ఉంటుందనుకున్నానమ్మా."

చాలాసేపటికి పెద్ద పళ్ళెం ఒకటి వచ్చింది. అడుగున బూడిదరంగు రొట్టె పరిచి, దాని మీద కూరలు కుప్పలుగా పెట్టారు. చాముండేశ్వరి రొట్టెని విస్తరి అనుకుంది. చేతులు కడుక్కొచ్చి కూర్చుంది. పప్పు చల్లారిపోతోంది.

"అన్నం ఎప్పుడు తెస్తారే?"

"అన్నం ఉండదమ్మా. ఆ కింద పరిచిందే తినాలి."

"ఇంతసేపూ చెప్పవేం? విస్తరి తినమంటావా?" ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుంది. "పులిసిపోయింది. మనింట్లో ఈ పిండి పారబోస్తాం. ముందు వేరే పళ్ళేలు తెమ్మను. ఒకరి ఎంగిలి ఒకరం తింటామా?"

రెండుసార్లు అడిగితే రెండు పళ్ళేలు తెచ్చారు. ఉన్నది ముగ్గురు.

నిఖిత రొట్టెముక్కలో పప్పు చుట్టి తల్లి నోటి దగ్గర పెట్టింది. "వీళ్ళ పద్ధతి ఇది. కావలసినవాళ్ళకి చేత్తో తినిపిస్తారు."

చాముండేశ్వరి మొహం తిప్పేసుకుంది. "నలుగురిలో ఏమిటిది?"

నిఖిత ఆ ముద్దని పళ్ళెం అంచున పెట్టింది. "ఆఫీసువాళ్ళు నన్ను వీళ్ళ రాజధాని అడిస్ అబాబాకి పంపిస్తామంటున్నారు. రెండేళ్ళు. రేపు జవాబు చెప్పాలి."

"అందుకా ఈ భోజనం? తిండి రుచి చూపించి ఆ తర్వాత ఊరి పేరు చెబుదామనుకున్నావు. చూపించావుగా. రెండేళ్ళూ ఇదే తింటావా?"

"నువ్వు వద్దంటే వెళ్ళనమ్మా. కానీ మళ్ళీ నన్ను అడగరు."

"వీళ్ళ కాఫీ బాగుంటుందట," అన్నాడు వీరరాఘవరావు.

"కాఫీగింజలే ఇప్పుడు వేయిస్తున్నారు. మీరు కూర్చోండి, నేను పోతాను." చాముండేశ్వరి లేచింది. "ఖలాస్."

ఇంటికి రాగానే చాముండేశ్వరి చీర మార్చుకోకుండా కుక్కర్ పెట్టింది. అన్నం, పప్పు, ఆవకాయ, నెయ్యి ఒకే గిన్నెలో కలిపింది. ముగ్గురూ ఆకలి మీదున్నారు. గిన్నె చుట్టూ నేల మీదే కూర్చున్నారు.

మొదటి ముద్ద నిఖిత చేతిలో పెట్టబోయింది. ఏమనుకుందో, నోటికి అందించింది. నిఖిత మొహం తిప్పుకోలేదు. నమలడం ఆపి కళ్ళు దించుకుంది.

"కారమా?"

"కాదు."

అదే చేత్తో కలిపిన రెండో ముద్ద వీరరాఘవరావు అందుకున్నాడు. పళ్ళేలు స్టాండులోనే ఉన్నాయి. ఎవరూ అడగలేదు. చాముండేశ్వరి చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది.

"ఇందాకటి ముద్ద ఏం చేశావే?"

"అక్కడే వదిలేశాను."

"నేను తినాల్సింది."

నిఖిత జరిగి తల్లి పక్కన కూర్చుంది.

"అక్కడ ఆవకాయ దొరుకుతుందా?"

"దొరకదేమోనమ్మా."

"పెద్ద సీసా ఒకటి కడతాను. రేపు ఆఫీసులో వెళ్తానని చెప్పు. ఆ రొట్టెలు మాత్రం పిండి పులవకముందే వెయ్యమను వాళ్ళని," అంది చాముండేశ్వరి, మోచేత్తో కళ్ళు తుడుచుకుంటూ.